కోళ్ళను తిట్టే గొంతు

రంగు కాగు మీద ఆవిరి నిలువుగా లేస్తోంది. గాలి లేదు.

ఎర్ర రంగు. కాగులో తుంగకట్ట మునుగుతుంది... తేలుతుంది... మళ్ళీ మునుగుతుంది. తడి తుంగ వాసన, కట్టెల పొగ వాసన, కాలవలోకి ఎక్కుతున్న పోటునీటి వాసన. దేశానికి దక్షిణపు కొసన, హావ్ నది ఒడ్డున చాపలు నేసే ఈ ఊళ్ళో ఏ పొద్దయినా ఇలాగే తెల్లవారుతుంది.

ఇంట్లో మగ్గం మొదలైంది.

సర్ర్ — దబ్.

సర్ర్ అన్నది థామ్ చెయ్యి. పొడుగాటి వెదురుబద్ద కొసకి తుంగపోచ తగిలించి పడుగు దారాల మధ్యకి తోస్తుంది. దబ్ అన్నది అత్తగారి చెయ్యి. మగ్గం మీద కూర్చుని, పోచల్ని బిగించే చెక్కను, పన్నెను, దగ్గరికి లాగి కొడుతుంది. ఒకరు తోయాలి, ఒకరు కొట్టాలి. ఒకరి చెయ్యి తొందరపడితే అంచు చెడుతుంది.

ఎనిమిదేళ్ళుగా వాళ్ళ చాపకి అంచు చెడలేదు.

మాట దగ్గరే తేడా వచ్చేది.

థామ్‌ది ఈ నది కాదు. దేశానికి నడుం దగ్గర, లామ్ నది ఒడ్డు. పడమటి నుంచి వేడిగాలి కొట్టే నేల. రాళ్ళూ వేరుశెనగా పండే నేల. అక్కడి మాటకి బరువెక్కువ. ఒక్కో మాటా బస్తా దించినట్టు దిగుతుంది. ఇక్కడి మాట అలా కాదు. ఇక్కడి మాట పడవ మీద పోతూ పోతూ వెనక్కి తిరిగి చెప్పినట్టు ఉంటుంది, చివర కాస్త సాగి, కాస్త నవ్వి.

బట్టల కర్మాగారంలో పరిచయమై, ఖాయ్ ఆమెను పెళ్ళాడి ఇంటికి తీసుకొచ్చిన కొత్తలో, సంతలో ఆమె నోరు తెరిస్తే బేరం ఆగిపోయేది. చేపలమ్మే ఆవిడ పక్కావిడ వైపు చూసేది, ఈ పిల్ల అడుగుతోందా తిడుతోందా అని.

"నీ మాట సగం నాకు అర్థమవుద్ది, మిగతా సగం దేవుడికి," అనేది అత్తగారు.

పిలుపులు కూడా కొత్తే. ఈ నది మీద మనుషులకి అంకెలే పేర్లు. మామగారు ఐదో ఆయన. ఆయన్ని చేసుకుంది కనక అత్తగారు ఐదమ్మ. ఇంటికి పెద్దకొడుకు ఖాయ్ రెండో వాడు. పెద్దవాణ్ణి ఒకటి అంటే దయ్యాల కన్ను పడుతుందని ఇక్కడి భయం. అది తెలియక థామ్ వచ్చిన రోజే అడిగేసింది.

"మరి ఒకటో ఆయన ఏటైపోనాడు అత్తా? పాపం, సిన్నప్పుడే పోనాడేటి?"

ఇల్లు ఇల్లంతా నవ్వింది. థామ్ మొహం కాగులో తుంగలా ఎర్రబడింది. ఆ పూట అన్నం తినలేదు.

నవ్వనివాడు మామగారు ఒక్కడే. ఆయనకి ఎడం చెవి వినపడదు. కుడిచెవి కూడా దయ తలిస్తేనే.

"ఏటండీ, ఆ పిల్ల మాట మీకేం అర్థమయ్యిందనీ తల ఊపుతున్నారు?" అని ఐదమ్మ దబాయిస్తే, ఆయన తాపీగా చెప్పాడు.

"నాకు ఎవరు మాట్టాడినా సగమే కదే వినపడేది. ఈ పిల్లైనా అంతే, నువ్వైనా అంతే. నాకేం కొత్త?"

థామ్ ఆ రోజే ఆయన్ని తన మనిషి అనుకుంది.

ఆ తర్వాత పాట వచ్చింది.

మామగారి తండ్రి తద్దినం నాడు. తిండి అయ్యాక, అరుగు మీద కొత్త చాప పరిచి, బంధువులంతా వోంగ్ కో పాడుకునే వేళ. ఈ నది వాళ్ళకి తిండి ఎంతో అదీ అంతే. మామగారి ఆఖరి తమ్ముడు, ఊత్ అంటారు, గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ గిటారుకి మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచి ఉంటుంది. తీగను ఆ గుంటలోకి నొక్కితే గొంతులా వంగుతుంది, సాగుతుంది, నిట్టూరుస్తుంది.

"కొత్త కోడలు పాడుద్దేమో," అన్నారెవరో. నవ్వుకోవడానికే అన్నారు.

థామ్ పాడింది.

కర్మాగారం హాస్టల్లో పక్క మంచం పిల్లది ఈ నదే. ఆ పిల్ల ఫోన్‌లో నాలుగేళ్ళ పాటు రోజూ విన్న పాటలు. ఎత్తుగడ అందుకుంది. వోంగ్ కోకి ముందు ఎత్తుగడ ఉంటుంది, సగం మాట, సగం రాగం. మాటలో మొదలైన గొంతు మెల్లగా మెల్లగా రాగంలోకి జరుగుతుంది. చివర ఒక్క ఊపిరితో కింది స్వరం మీదికి దిగాలి. ఆ దిగుడు కోసమే జనం కూర్చుంటారు. గొంతు దిగీ దిగగానే ఊత్ కాలి కింద చెక్క టక్కుమంటుంది, చప్పట్లు లేస్తాయి.

ఎత్తుగడలో మొదటి రెండు మాటలే లామ్ నదివి.

మూడో మాట దగ్గర యాస జారిపోయింది. ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు. దిగుడు దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు పుట్టిందే ఈ కాలవ గట్టున అన్నట్టుంది.

చప్పట్లు.

ఐదమ్మ నోరు తెరుచుకుని చూసింది. మర్నాడు సంతలో చేపలావిడకి తనే చెప్పింది. "మా కోడలు పాడితే ఇక్కడి పిల్ల కాదని నువ్వు పందెం కాయలేవు." ఆ రోజు నుంచి థామ్ సంతలో తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఆమెకి గొంతు మంచిదై ఊరు మంచిదైంది.

అంతా బాగుంది.

నిజంగానే బాగుంది. ఖాయ్ చాపల లారీ వెంట వెళ్ళి వస్తాడు, తాగడు, పాటలో తాళం తప్పుతాడు తప్ప మరే తప్పూ లేదు. మగ్గం ఆడుతుంది. పోటు వస్తుంది, పోతుంది.

సర్ర్ — దబ్.

కానీ కిందటేడు, వాన వెలిసిన ఒక ఉదయం —

ఆరబెట్టిన తుంగ మీదికి కోళ్ళు ఎక్కాయి. థామ్ చీపురు పట్టుకుని వాటి వెంట పడింది. "సీ, మీ మూతి మండా! నానెండేసిన తుంగ మీకు మంచవేటే? దిగండి బేగి! ఓలె, నీకే సెప్తన్నాను, ఎర్ర ముండా!"

అరుగు మీద మామగారు. అప్పటికే మంచాన పడ్డాడు, పొద్దునపూట ఎండ కోసం బయటికి తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. నవ్వుతున్నాడు. కుడిచెవి వెనక చెయ్యి పెట్టుకుని మరీ వింటున్నాడు.

"అమ్మాయ్, ఇలా రా," అన్నాడు. "ఇన్నేళ్ళూ మా పాట మా గొంతుతో పాడావు. బాగుంది. ఓసారి ఆ కోళ్ళని తిట్టే గొంతుతో పాడవే. నీ ఊరి పాట. వినాలని ఉంది."

థామ్‌కి సిగ్గు వేసింది. "పోండి మావా. ఆ గొంతుతో పాడితే కోళ్ళు కూడా పారిపోతాయి. రేపు సూద్దాం."

రేపు అంది. ఎల్లుండి అంది. పదకొండో రోజున మామగారు పోయాడు.

ఒక్క పాట. పెద్ద పని కాదు. పూట కూలి పోయేది కాదు. ఆ మంచం పక్కన కూర్చుని రెండు చరణాలు పాడితే సరిపోయేది. అది తలచుకున్నప్పుడల్లా థామ్ చేతిలో బద్ద ఒక క్షణం ఆలస్యంగా కదిలేది. అత్తగారు గమనించేది, అడిగేది కాదు.

ఇప్పుడు మూడు రోజుల్లో మొదటి తద్దినం.

ఆ రోజు పాడాలని థామ్ నిశ్చయించుకుంది. ఆయనకి, ఆయన అడిగిన గొంతుతో.

పాడబోతే రాలేదు.

అదీ చిత్రం. మగ్గం దగ్గర, లోలోపల, తనకి వచ్చిన వోంగ్ కోనే తన యాసలో అందుకుంది. మాట బరువెక్కి స్వరం కిందికి పోయింది. తీగ ఒకచోట ఉంటే గొంతు ఇంకోచోట. కుంటివాడు మెట్లు దిగినట్టు దిగింది పాట. ఇంకోసారి. ఇంకోసారి. యాస వస్తే పాట పోతోంది... పాట వస్తే యాస పోతోంది.

ఈ పాట ఈ నదిది. దానికి ఈ నది మాటే కావాలి. తన మాటకి తన పాటే ఉండాలి.

తన పాట ఏది?

పదిహేడేళ్ళకే ఊరు వదిలింది. చెవుల్లో మిగిలింది ఒక్కటే. అమ్మమ్మ వెన్నెల్లో రాట్నం తిప్పుతూ పాడే పాట, వీ అంటారు దాన్ని. అవతలి గట్టు మీద మగవాళ్ళు ఒక చరణం, ఇవతల ఆడవాళ్ళు ఒక చరణం. గిటారు లేదు, చెక్క లేదు. మాట ఎలా ఉంటే రాగం అలా. మొదటి చరణం గుర్తుంది. రెండోది సగం.

అమ్మకి ఫోన్ చేసింది.

"ఓలె గుంటా," అంది తల్లి, "నానిక్కడ సెనక్కాయలు పీకతంటే ఇప్పుడు పాటలేటే నీకు?"

"ఒక్క సరణం సెప్పమ్మా. అమ్మమ్మ పాడీది, ఏరు దాటి వచ్చినోడా అని. తరవాతేటి?"

"తరవాతేటి, తరవాత మీ అమ్మమ్మ దగ్గీది." వేరుశెనగ మొక్కల నుంచి మట్టి దులుపుతున్న చప్పుడు వినబడింది. "ఇన్నాళ్ళూ నువ్వు పాడినవి ఫోన్లో పంపినావు. ఊరంతా ఇన్నారు. బాగుంది గాని, ఎవులి పిల్లో పాడినట్టుండీది. నానెవులికీ సెప్పలేదు."

థామ్ కాగు కింద కట్టెను లోపలికి తోసింది.

"ఆగు," అంది తల్లి. గొంతు సవరించుకుంది. పొలంలో నిలబడి పాడింది. శ్రుతి లేదు. మధ్యలో ఎవరో నవ్వారు, తల్లి వాళ్ళను తిట్టి మళ్ళీ అందుకుంది. థామ్ రంగు కాగు దగ్గర గొంతుక్కూర్చుని, ఫోన్ చెవికి అదుముకుని, పెదాలు కదుపుతూ నేర్చుకుంది.

ఆ సాయంత్రం మగ్గం దగ్గర చిన్నగా అంది. పాట అనలేం, మాటా అనలేం. అత్తగారి చెయ్యి ఆగింది.

"ఏటది?"

"మా వైపు పాట అత్తా. తద్దినం నాడు మావయ్యకి పాడదామని."

ఐదమ్మ పన్నె మీద చెయ్యి వేసి ఆలోచించింది. "వద్దమ్మా," అంది నెమ్మదిగా. "సాడెక్ నుంచి చుట్టాలు వత్తారు, లాంగ్ జ్వేన్ నుంచి వత్తారు. నీ పాట వినడానికే వత్తారు సగం మంది. మాట్టాడేటప్పుడు ఆ యాస ఎలాగూ ఉంది. పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదు. పాటైనా మనలా ఉండనీ."

సర్ర్ —

దబ్ కాస్త గట్టిగా పడింది.

థామ్‌కి కోపం రాలేదు. భయం వేసింది. ఎనిమిదేళ్ళ క్రితం ఈ ఇంట్లోకి కాలు పెట్టింది పెళ్ళిరోజునే అయినా, నిజంగా లోపలికి వచ్చింది ఆ పాట పాడిన రోజున. ఆ పాటను పక్కన పెడితే మళ్ళీ గుమ్మం బయటికి పోతానేమో అనిపించింది. పాడకపోతే మామగారి మాట అలాగే మిగిలిపోతుంది. రెండు రోజులు తుంగ ఎత్తుతూ, దించుతూ, ఈ రెంటి మధ్యే తిరిగింది.

తద్దినం రోజు.

ముందుగదిలో మామగారి ఫోటో. దాని ముందు కొబ్బరినీళ్ళలో గుడ్లతో ఉడికించిన పంది కూర, పులుసు, అరిటాకులో చుట్టి ఉడికించిన అన్నం, ఆయనకి ఇష్టమైన చిన్న గ్లాసులో సారా. ఐదమ్మ మూడు అగరొత్తులు వెలిగించింది. అవి కాలేంత సేపు ఆయన భోంచేస్తాడు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కాలిపోయాక పళ్ళేలు దించారు. అప్పుడు బతికున్నవాళ్ళు కూర్చున్నారు. లాంగ్ జ్వేన్ నుంచి వచ్చిన ఖాయ్ మేనత్త మూడుసార్లు కూర వేయించుకుని, ఉప్పు తక్కువైందని మూడుసార్లూ చెప్పింది.

మధ్యాహ్నం అరుగు మీద చాప పడింది. ఎర్రంచు చాప, ఈ ఇద్దరూ నేసిందే.

ఊత్ గిటారు సవరించాడు. సారా గ్లాసు ఒకటే, చేతులు మారుతోంది. ఒకరు పాడారు. ఇంకొకరు పాడారు. ఖాయ్ పాడబోతే అందరూ కలిసి ఆపేశారు.

"ఏదీ, మా రెండో వాడి పెళ్ళాన్ని రమ్మనండి," అంది మేనత్త.

థామ్ వచ్చి చాప మీద కూర్చుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది, తడి చేతులు బట్టకి తుడుచుకుంటూ. ఆమె మొహంలో గర్వం ఉంది. దాన్ని చూడగానే థామ్ ధైర్యం సగం పోయింది.

సరే. ఆవిడ కోరిందే పాడదాం. ఇల్లు ముఖ్యం.

ఎత్తుగడ అందుకుంది.

మొదటి మాట. రెండో మాట. లామ్ నది మాటలు, ఎప్పటిలాగే. మూడో మాట దగ్గర గొంతు జరగాలి... ఎప్పుడూ జరిగేది... సగం మాట, సగం రాగం, ఆ సన్నటి చోటు.

జరగలేదు.

గొంతు ఉన్నచోటే నిలబడింది. జరపడానికి ఆమెకి మనసు రాలేదు. ఊత్ వేలు తీగను గుంటలోకి నొక్కిపెట్టి ఎదురుచూస్తోంది. కాలు చెక్క మీద లేచి ఉంది. చాప చుట్టూ అరచేతులు విచ్చుకుని ఉన్నాయి, దిగుడు కోసం. ఆ ఆగిన చోటు నుంచి, ఎవరూ అడగకుండానే, అమ్మమ్మ పాట బయటికి వచ్చింది.

*ఏరు దాటి వచ్చినోడా... కాళ్ళు కడుక్కోని కూసో...*
*నీది ఏ రేవని నానూ... నీటినేటి అడగగలనూ...*

బరువైన మాటలు. బస్తాలు దించినట్టే. అయినా పాట కుంటలేదు. ఒక్కో మాట కిందికి పోయిన చోట రాగం కూడా దానితో పాటే పోయింది, దాన్ని తీసుకుని పైకి వచ్చింది. థామ్ ఛాతీ వదులైంది. ఎనిమిదేళ్ళలో ఎన్నో పాటలు పాడింది, ఇంత సుఖంగా ఎప్పుడూ పాడలేదు.

పాట అయిపోయింది.

అయిపోయిందని ఎవరికీ తెలియలేదు. ఆ పాటకి దిగుడు లేదు. అరచేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి, ఎప్పుడు కొట్టాలో తెలియక. ఒకాయన ఒక్క చప్పట కొట్టి, ఇంకెవరూ కొట్టలేదని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఊత్ మెల్లగా తీగ వదిలాడు.

"ఇదేటి, ఈవిడికి పాటక్కూడా యాసొచ్చేసింది," అంది మేనత్త. చెడ్డగా అనలేదు. కానీ కొందరు నవ్వారు.

థామ్ తలెత్తలేదు. చాప మీది ఎర్ర అంచు చూస్తూ కూర్చుంది. గుమ్మంలో అత్తగారు కదిలిన చప్పుడు. వచ్చి తన ముందు నిలబడింది. తుంగ రంగు పట్టిన ఆ కాళ్ళు కనబడుతున్నాయి.

"ఇప్పుడు పాడితే ఏం లాభమే?" అంది ఐదమ్మ. "ఒత్తులు కాలిపోయి గంటయ్యింది. ఆయన తినేసి ఎల్లిపోయాడు."

థామ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అడిగినాడత్తా. మావయ్య అడిగినాడు. రేపు రేపంటూ నానే ఒగ్గేసినాను."

అత్తగారు ఆరిన చేతుల్నే మళ్ళీ బట్టకి తుడుచుకుంది. గాజుగ్లాసు ఒకటి చాప మీద పెట్టిన చప్పుడైంది.

"నన్నూ అడిగాడు," అంది. "మంచం మీదుండి. కోడలి చేత ఓసారి దాని గొంతుతో పాడించవే అన్నాడు. జనం నవ్వుతారు, నోరు మూసుకుని పడుకోండి అన్నాను. అదే ఆఖరిసారి నేనాయన్ని కసిరింది."

ఎవరూ నవ్వలేదు. మేనత్త కూడా.

ఐదమ్మ లోపలికి వెళ్ళింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఒకటి ఆరిపోయింది, ఇంకోటి గీసింది. మళ్ళీ మూడు అగరొత్తులు అంటించి, సారా గ్లాసు మళ్ళీ నింపి ఫోటో ముందు పెట్టింది. తిరిగి గుమ్మంలోకి వచ్చి ఊత్‌తో, "నీ గిటారు కాసేపు కింద పెట్టు తమ్ముడూ," అంది. ఊత్ పెట్టాడు.

"లోపలికి రావే. మొదట్నించీ పాడు. మెల్లగా పాడు, తొందరేం లేదు." కోడలు లేచి ఫోటో ముందుకి వస్తుంటే భుజం పట్టుకుని ఆపింది, పక్కకి జరిపింది. "అటు కాదు. కుడేపు కూర్చో. ఎడం చెవి లేదుగా ఆయనకి."

థామ్ కుడివైపు కూర్చుంది. అత్తగారు ఆమె పక్కనే చతికిలబడింది, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. వెనక గుమ్మం నిండా బంధువులు నిలబడ్డారు. పొగ నిలువుగా లేస్తోంది. గాలి లేదు.

ఆమె గొంతు సవరించుకుంది. అగరొత్తులు ఇంకా చాలా పొడుగున్నాయి.